కంగ్రాట్స్ సరే, చదివారా?

(విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది, అక్కడక్కడా కొద్దిగా సరిచేసినది.)

అందరికీ నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తే... వద్దులెండి, ఈ ఉక్కలో ఫ్యాను తగ్గిస్తే మీరే లేచి వెళ్లిపోతారు, నేనే గట్టిగా మాట్లాడతాను.

ఇందాక నన్ను పరిచయం చేసిన తమ్ముడు సాహితీవేత్త అన్నాడు. కాదండీ. నేను డీటీపీ చేసేదాన్ని. ఈ పేటలోనే, ఇతరులు రాసినవి కంపోజ్ చేసి, ప్రూఫులు దిద్ది బతికాను. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, ఆ బాధ తెలిసినవాళ్లు ఇక్కడ కొందరున్నారు, నవ్వుతున్నారు. ఒక ఒత్తు ఎగిరిపోతే కవిగారి ప్రాణం ఎగిరిపోయేది. అందుకని మహారచయితల గురించి నేను చెప్పేదేమీ లేదు కానీ, మొదటి పుస్తకం వేసుకునేవాళ్ల మొహాలు మాత్రం చాలా చూశాను. రిటైరైన లెక్కల మాస్టారు పద్యాలు పట్టుకొస్తారు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి కథలు పట్టుకొస్తుంది, కాగితాలు నా బల్ల మీద పెట్టేటప్పుడు ఇద్దరి చేతులూ ఒకేలా వణుకుతాయి. వాళ్లతో పాటు ఇంటివాళ్లు కూడా వస్తారు, భార్యో, తమ్ముడో, స్నేహితుడో, గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ల గురించి. అంటే మన గురించే.

మన ఇంట్లో ఒకళ్లు ఏదైనా సృష్టించినప్పుడు, కథ గానీ, పాట గానీ, బొమ్మ గానీ, నాటకంలో వేషం గానీ, మనం ఏం చేస్తున్నాం? మా మేనకోడలి కథ ఒకటి ఆ మధ్య పత్రికలో వచ్చింది. మా అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో లింకు పెట్టాడు. పెట్టీ పెట్టగానే చప్పట్ల బొమ్మలు, పూలగుత్తులు, "గాడ్ బ్లెస్ యూ తల్లీ", "సూపర్ రా", మా పెద్దబాబాయి అయితే వెంకటేశ్వరస్వామి ఫొటో పెట్టారు. ఆ కథ చదవడానికి పావుగంట పడుతుంది. పొగడ్తలన్నీ రెండు నిమిషాల్లో వచ్చేశాయి. పిల్లకి ఆ మాత్రం లెక్కలు రావా? రాత్రి నాకు ఫోన్ చేసి, "అత్తా, మన వాళ్లలో ఎవరైనా చదివారంటావా?" అంది.

నేను చదివాను. "బస్టాండులో ఆ ముసలావిడ చిల్లర లెక్కపెట్టుకుంటుంటే అక్కడే ఆపేశావేంటే, ఆ డబ్బు సరిపోయిందో లేదో నాకు నిద్ర పట్టట్లేదు" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గంటసేపు మాట్లాడింది, ఆ ముసలావిడ ఎవరు, ఎక్కడ చూసింది, మొదట ఎలా రాసి తర్వాత ఎందుకు కొట్టేసింది, అన్నీ. గమనించండి, నేను ఆ అమ్మాయిని పొగడనే లేదు. బాగుంది అన్న మాట కూడా అనలేదు. ఒక చిన్న చోటు పట్టుకుని అడిగానంతే.

నా అభిప్రాయం ఏమిటంటే, మనవాళ్ల పనిని మెచ్చుకోవడమంటే ముందు ఆ పనిలోకి వెళ్లి కాసేపు ఉండి రావడం. మిగతావి తర్వాత. కేకు, శాలువా, స్టేటస్, ఫ్లెక్సీ, అవన్నీ వద్దనను, పండగ పండగే, కానీ లోపలికి వెళ్లకుండా గుమ్మానికి తోరణం కట్టి వచ్చేస్తే ఆ ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది.

శాలువా అన్నాను కదా, ఒక్క మాట చెప్పుకుని ముందుకు పోదాం. మన విజయవాడ, గుంటూరుల్లో శాలువా కప్పించుకోని కవి లేడు. ఆవిష్కరణ సభ పెడతాం. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, ఇన్ని కుర్చీలు పట్టక వేదిక మీద రచయితకి చివర్న స్టూలు వేసిన సభ కూడా చూశాను. ఒక్కొక్కరూ రచయితతో తమకున్న అనుబంధం చెబుతారు, తమ పుస్తకాల గురించి చెబుతారు, చివరికి అసలు పుస్తకం దగ్గరికి వచ్చేసరికి "సమయాభావం వల్ల" అంటారు. (నవ్వులు) నవ్వకండి, రేపు మనమూ అదే అంటాం.

అసలు సన్మానం ఎలా ఉండాలో మన ప్రాంతంలోనే జరిగింది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారు. ఆయన కులం పేరు చెప్పి సభల్లో ఎంత అవమానించారో, పద్యం బాగుందని తలూపినవాళ్లే ఆయన ఎవరో తెలిశాక ఎలా మొహం తిప్పుకున్నారో మీలో చాలామందికి తెలుసు. ఆ జాషువా గారి కాలికి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా గండపెండేరం, అంటే గొప్ప కవి కాలికి గౌరవంగా తొడిగే కడియం, తొడిగారు. వేంకటశాస్త్రి గారంటే మాటలా, అవధానాలతో ఆంధ్రదేశమంతా తిరిగిన జంటలో ఒకరు, విశ్వనాథ సత్యనారాయణ గారంతటివారికి గురువు, తర్వాత మద్రాసు ప్రభుత్వానికి ఆస్థానకవి. ఆయన వంగి, ఈ కవి పాదం తాకి నా జన్మ ధన్యమైంది అన్న అర్థం వచ్చేలా మాట్లాడారట. జాషువా గారు తర్వాత పద్మభూషణ్ దాకా ఎన్నో అందుకున్నారు, 1964లో క్రీస్తు చరిత్రకి కేంద్ర సాహిత్య అకాడమీ వచ్చింది, కానీ తనకి జరిగిన సన్మానాల్లో అదే అత్యున్నతమైనదని ఆయన భావించారు. ఎందుకో ఆలోచించండి. పెండేరం బంగారం వల్ల కాదు కదా. తొడిగినాయనకి పద్యం తెలుసు, ఆ పద్యం విలువ తెలుసు, దానికోసం ఆ రోజుల్లో అందరూ చూస్తుండగా వంగడానికి సిద్ధపడ్డారు.

అదే వేంకటశాస్త్రి గారిది ఇంకో సంగతి. ఇది స్నేహితుల కోసం చెబుతున్నాను. ఆయన, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు కలిసి తిరుపతి వేంకట కవులు. వాళ్ల పాండవోద్యోగ విజయాల నాటకాల పద్యాలు పాడని పల్లెటూరు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉందా అసలు? తిరుపతిశాస్త్రి గారు 1920లో పోయారు. వేంకటశాస్త్రి గారు ఆ తర్వాత 30 ఏళ్లు బతికారు. స్నేహితుడు పోయాక తనొక్కడే రాసినవాటిని కూడా జంట పేరుతోనే వెలువరించారు. ఇప్పుడు మనం పక్కవాడి ఫొటో మన పోస్టులో ట్యాగ్ చేయడానికి లెక్కలు వేసుకుంటున్నాం. అదేదో మహాత్యాగం అని నేను అనడం లేదు, బహుశా ఆయనకి అసలు అది తన ఒక్కడి గొంతు అనే అనిపించలేదేమో. కానీ స్నేహితుడి పనిని గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే సూటి పద్ధతి నాకు కనపడలేదు.

చిన్నపిల్లల సంగతికొస్తే మనకి దిష్టి భయం ఒకటుంది. పిల్లాడు బొమ్మ బాగా వేస్తే ఎదురుగా మెచ్చుకోకూడదు, ఆయుక్షీణం అంటారు. బయటవాళ్ల దగ్గర గంటసేపు చెబుతారు, పిల్లాడితో మాత్రం "చాల్లే, ముందు లెక్కలు చూడు" అంటారు. సరే, దిష్టి తగులుతుందనుకుంటే తర్వాత ఉప్పు తిప్పి పొయ్యండి, చెప్పాల్సింది మాత్రం చెప్పండి.

ఈ ఊళ్లోనే ఒక పిల్లాడి కథ జరిగింది. పుట్టింది తూర్పు గోదావరిలో శంకరగుప్తం, తల్లి వీణ వాయించేవారు, పిల్లాడు పసికందుగా ఉండగానే పోయారు. తండ్రి పెంచారు, ఆయనా సంగీతం తెలిసినవారే. బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర పాట నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్ల వయసులో ఇక్కడే త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేశాడు. ఆ పిల్లాడి ప్రతిభ చూసి ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారు గారు, హరికథలు చెప్పే పెద్దమనిషి, మురళీకృష్ణ అన్న పేరు ముందు "బాల" అని చేర్చారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనభై దాటినా బాలమురళే. ఇదే ఊళ్లో సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఒక పెద్దాయన ఇష్టంగా ఇచ్చిన రెండక్షరాలు జీవితాంతం పేరులో ఉండిపోయాయి. ఖర్చెంతయింది చెప్పండి?

ఇక ఇంట్లోవాళ్లు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అనలేదు. ఇంట్లో వాడు కవి అయితే కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయే మనిషి మాత్రమే మనకి కనిపిస్తాడు. తాళ్లపాక వారిని చూడండి, నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అన్నమయ్య పాడారు, సరే. ఆ సంకీర్తనలని రాగిరేకుల మీద చెక్కించినది కొడుకు పెద తిరుమలాచార్యులు, ఆయన తర్వాతివాళ్లు. తాత జీవితచరిత్రని ద్విపదలో రాసినది మనవడు చిన్నన్న. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాశారు, అంటే ఆ ఇంట్లో ఎవరూ ఎవరి వెలుగులోనూ మాడిపోలేదు. ఆ రేకులు తిరుమలలో ఒక చిన్న అరలో కొన్ని వందల ఏళ్లు ఉన్నాయి, బయటికి తీసింది ఇరవయ్యో శతాబ్దంలో. 32,000 సంకీర్తనలు అని మనవడు లెక్క చెప్పాడు, మనకి దొరికినవి అందులో సగం కూడా లేవు. అయినా దొరికినవి దొరికాయంటే కుటుంబం వల్లే. కొడుకు రాగి కొనకపోయి ఉంటే మనం ఇవాళ ఏ కాసెట్టు పెట్టుకుని ముగ్గులేసుకునేవాళ్లం?

జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం గారు కూడా అంతే. తండ్రి గురించి పుస్తకం రాశారు, తండ్రి పేరుతో ఫౌండేషన్ పెట్టి సాహిత్య పురస్కారం నడిపారు. తనకంటూ సంస్కరణ ఉద్యమాల్లో పెద్ద పని ఉన్న మనిషి, అయినా నాన్న పద్యాన్ని పక్కన పెట్టలేదు.

మనం రాగిరేకులు కొననక్కర్లేదు. కానీ నేను చూసేది ఏమిటంటే, పెద్దాయన పోయిన ఏడాదికి పుస్తకాల కట్టలు అటక మీదకి వెళతాయి, రెండేళ్లకి చెదలు, మూడో ఏడు పాతపేపర్ల అబ్బాయి. అందుకని కొన్ని పనికొచ్చే విషయాలు చెబుతాను, ఇవి సభల్లో ఎవరూ చెప్పరు. మీ ఇంట్లో ఎవరు సొంతంగా పుస్తకం వేసినా, 1954 నాటి చట్టం ఒకటుంది, దాని ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా ఒక కాపీ కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, ఒక్కొక్కటి చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి పంపాలి. పెద్ద ప్రచురణ సంస్థలకే కాదు, సొంత డబ్బుతో వేసుకున్న మీ మామయ్యకి కూడా అదే. భారం అనుకోకండి, అది మీ మామయ్య పుస్తకానికి చెదలు పట్టని చోటు దొరకడం. పోస్టు ఖర్చులు మీరు పెట్టుకోండి, అంతకంటే మంచి పుట్టినరోజు కానుక ఏముంటుంది? రచయిత తన బతికున్న కాలంలోనే పోయిన పుస్తకాన్ని వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చిన సందర్భాలున్నాయి, "అమ్మా, నీ కంప్యూటర్లో ఏమైనా ఉందా" అని.

ఇంకొకటి, హక్కులు. మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది, వారసులకి చెందుతుంది. చాలా ఇళ్లలో ఆ సంగతి పిల్లలకి తెలియదు, తెలిసినవాళ్లకి పొలం పంపకాల మీద ఉన్న శ్రద్ధ దీని మీద ఉండదు. ఎవరో పరిశోధన చేసే కుర్రాడు ఆ కథ మళ్లీ వేసుకుంటానని వస్తే ఎవరిని అడగాలో తెలియక తిరిగి వెళ్లిపోతాడు. ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి, ఎవరు చూసుకుంటారో. టైప్ చేసిన ఫైలు ఉంటే దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల్లోకి, మార్పించి దాచండి, పాత ఫాంటులో ఉంచితే ఇంకో పదేళ్లకి అది తెరిచేవాడు ఉండడు. ఇది నా వృత్తి ప్రచారం కాదు, నేను మానేసి చాలా కాలమైంది.

కొనడం సంగతి. మనవాడి పుస్తకం వస్తే మొదట అనే మాట "నాకో కాపీ ఇవ్వవోయ్". బావమరిది కిరాణా కొట్టు పెడితే కందిపప్పు ఊరికే అడుగుతామా? అడుగుతాం లెండి, కొందరు అడుగుతారు. (నవ్వులు) కానీ చూడండి, మన దగ్గర కవిత్వం పుస్తకం వేస్తే మామూలుగా 500 కాపీలు వేస్తారు, అందులో అమ్ముడయ్యేవాటి కంటే సంతకం పెట్టి పంచేవే ఎక్కువ. సంతకం పెట్టించుకోండి, డబ్బులు కూడా ఇవ్వండి. జనవరిలో పుస్తక మహోత్సవానికి ఎలాగూ వెళతారు కదా, అక్కడ మనవాళ్ల పుస్తకం ఏ స్టాల్లో ఉందో కనుక్కుని, తెలియనివాడిలా వెళ్లి అడిగి కొనండి. ఆ స్టాలు కుర్రాడు సాయంత్రం రచయితకి చెబుతాడు, "సార్, ఎవరో అడిగి మరీ కొన్నారు" అని. ఆ సంతోషం ఏ శాలువాలోనూ రాదు, నేను కళ్లారా చూశాను.

పుస్తకాల గురించే మాట్లాడుతున్నానని ఆడవాళ్లు కొందరు నావైపు చూస్తున్నారు. అవును. మా అమ్మ తరంలో పుస్తకం వేసుకున్నవాళ్లు ఎంతమంది? కానీ ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉండేది, మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, మధ్యలో చాకలి పద్దు. వియ్యాలవారి మీద పాటల్లో అప్పటికప్పుడు పేర్లు మార్చి, వాళ్ల ఊరి గుట్టు కలిపి పాడేవాళ్లు, అది ఆశుకవిత్వం కాకపోతే ఏమిటండీ? ఎవరూ సన్మానించలేదు. ఇప్పుడు మన చేతుల్లో ఫోన్లున్నాయి. మీ అమ్మమ్మో నాయనమ్మో ఇంకా పాడగలిగితే ఈ ఆదివారం కూర్చోబెట్టి రికార్డు చేయండి. రికార్డు మొదట్లోనే పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆవిడ చేతే చెప్పించండి, లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత అది ఎవరి గొంతో తెలియని పాట అయి కూర్చుంటుంది. టీవీ కట్టేయండి ముందు.

నాట్యం గురించి రెండు ముక్కలు. కూచిపూడి మన పక్కనే ఉంది, ఏటా మన పిల్లలు ఎంతమందో రంగప్రవేశం చేస్తున్నారు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆ పిల్ల తాళానికి అడుగు వేస్తుంటే మనం ముందు వరసలో కూర్చుని సెల్‌ఫోను అడ్డం పెట్టుకుంటాం. ఆ పిల్లకి మన కళ్లు కనిపించవు, ఫోన్ల వెనక భాగాలు కనిపిస్తాయి. ఒకరు తీస్తే చాలు, అందరికీ పంపుతారు. అయ్యాక పిల్లతో పాటు నట్టువాంగం చేసిన గురువుగారిని, మృదంగం వాయించినాయన్ని కూడా పలకరించండి.

ఇక కష్టమైన సంగతి. అసూయ. స్నేహితుడికి అవార్డు వస్తుంది, మనకి రాదు. ఇద్దరూ ఒకే గదిలో రాసుకున్నవాళ్లే. ఆ రోజు ఫోన్ చేయడానికి చెయ్యి రాదు. రాకపోవడం తప్పని నేను అనను. అందరికీ ఉంటుంది. కానీ ఫోన్ ఎంత ఆలస్యం చేస్తే అంత బరువవుతుంది, వారం దాటాక "బిజీగా ఉండి" అనాలి, నెల దాటాక ఇక చేయం. ఇలా విడిపోయిన జంటల్ని ఈ ఊళ్లో నేను పేర్లతో సహా చెప్పగలను, చెప్పను. నాకు తెలిసిన ఒకాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. వార్త తెలిసిన రోజే వెళతాడు, మిఠాయి పొట్లం ఏదీ ఉండదు, ఎదురుగా కూర్చుని "ఒరేయ్, నాకు కుళ్లుగా ఉందిరా" అంటాడు. ఇద్దరూ నవ్వుకుని టీ తాగుతారు. అభినందన అంటే తేనె కారాలని ఏమీ లేదు.

నేను చెప్పాలనుకున్నవి అయిపోయాయి, ప్రశ్నలుంటే అడగండి.

(ప్రేక్షకుల్లోంచి ఒక యువకుడు: మేడమ్, మా నాన్నగారు పద్యాలు రాస్తారు. నిజం చెప్పాలంటే అంత బాగుండవు. నాకేం చెప్పాలో తెలియదు.)

నాన్నగారు ఈ సభకి రాలేదు కదా? (నవ్వులు) చూడు బాబూ, ముందు అబద్ధం చెప్పకు, ఆయనకి తెలిసిపోతుంది. అలాగని విమర్శకుడివి కూడా కానక్కర్లేదు, ఆయనకి బయట విమర్శకులు దొరుకుతారు, కొడుకువి నువ్వొక్కడివే. ఎన్ని పద్యాలున్నాయి? ఐదొందలా, సరే. అన్నీ చదువు. ఐదొందల్లో ఒక్కటైనా ఆయన నిజంగా తను చూసింది రాసి ఉంటారు, వాళ్ల ఊరి చెరువో, వాళ్లమ్మ చేతి గాజులో, ఏదో ఒకటి. అది పట్టుకుని అడుగు, "నాన్నా, ఇది ఎక్కడ జరిగింది?" అని. ఆయన చెప్పేది విను. చెబుతుంటే ఆపకు. పద్యం కంటే ఆయన చెప్పేదే బాగుందనిపిస్తే, అది నువ్వు రాసిపెట్టుకో. యతిప్రాసలు కుదరకపోతే ఎవరైనా మాస్టారుకి చూపిద్దామని ఆయనే అడిగిన రోజు తీసుకెళ్లు, ముందే తీసుకెళ్లకు. ఆ, ఇంకో ప్రశ్న ఎవరిది, ఆ మూల చెయ్యెత్తిన అమ్మాయి, చెప్పమ్మా. టైమైపోయిందంటున్నారా? సరే తల్లీ, నువ్వు బయట టీ దగ్గర నన్ను పట్టుకో.